నెమలి గౌను సంరక్షకులైన నేషనల్ ట్రస్ట్ వారికి బహిరంగ లేఖ

ఇంగ్లండులో డెర్బీషైర్ ప్రాంతంలోని కెడిల్‌స్టన్ హాల్ భవనాన్నీ, అందులోని వస్తువులనూ కాపాడుతున్న నేషనల్ ట్రస్ట్ పాలకమండలికి, అక్కడి క్యురేటర్లకు, వస్త్ర సంరక్షకులకు నమస్కారాలతో రాసుకుంటున్న లేఖ.

అయ్యా, అమ్మా,

మీ భవనంలో అద్దాల పెట్టెలో నిలబెట్టి ఉన్న ఒక సాయంకాలపు గౌను గురించి నేను రాస్తున్నాను. లోకమంతా దాన్ని నెమలి గౌను అంటోంది. భారతదేశపు వైస్రాయి లార్డ్ కర్జన్ భార్య మేరీ కర్జన్ 1903 జనవరి 6 రాత్రి ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన విందునాట్యానికి దాన్ని తొడుక్కుని వచ్చింది. నేను హైదరాబాదులో మగ్గం వర్క్ చేయించి ఇచ్చే ఒక చిన్న దుకాణం నడుపుతాను. పెళ్లి జాకెట్లు, లంగా ఓణీలు, చీర అంచులు మా దగ్గర తయారవుతాయి. చట్రానికి బిగించిన గుడ్డ మీద జరీ తీగ, పూసలు, సితారాలు కుట్టే పనివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల చేతులు చూడటమే నా వృత్తి. కనుక ఆ గౌను గురించి నేను చెప్పేది చరిత్రకారుల మాట కాదు, పని తెలిసినవాళ్ల మాటగా తీసుకోమని మనవి. ఈ లేఖను ముందు తెలుగులో రాయడానికి కారణం, ఆ గౌను మీద జరిగిన పనిని వృత్తిగా చేసేవాళ్లు, చేయించేవాళ్లు, కొనుక్కునేవాళ్లు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. వాళ్లకు తెలియకుండా వాళ్ల తరఫున మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషు ప్రతిని మీకు విడిగా పంపుతున్నాను.

తెలుగు పాఠకుల కోసం ఆ గౌను పూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. మేరీ విక్టోరియా లైటర్ షికాగో నగరపు కోటీశ్వరుడు లీవై లైటర్ కూతురు. 1870లో పుట్టి, 1895లో కర్జన్‌ను పెళ్లాడి, 1899 నాటికి వైస్రాయి భార్యగా కలకత్తా చేరింది. అక్కడి ప్రభుత్వ భవనాన్ని వందేళ్ల ముందు లార్డ్ వెల్లెస్లీ కట్టించినప్పుడు కెడిల్‌స్టన్ హాల్ నమూనాగానే కట్టించాడు కాబట్టి, భర్త పూర్వీకుల ఇల్లు పోలిన ఇంట్లోనే ఆమె కాపురం పెట్టినట్టయింది. ఏడవ ఎడ్వర్డ్ ఇండియా చక్రవర్తి అయిన సందర్భంగా 1903 జనవరి 1న కర్జన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. ఆ ఉత్సవాల్లో భాగంగా ఎర్రకోటలోని దివాన్-ఎ-ఖాస్ మండపంలో నాట్యం ఏర్పాటు చేశారు. మొగలు చక్రవర్తుల నెమలి సింహాసనం ఒకప్పుడు ఉన్న చోటు అది. 1739లో పర్షియా రాజు నాదిర్ షా ఆ సింహాసనాన్ని పట్టుకుపోయాడు. సింహాసనం పోయిన మండపంలోకి వైస్రాయి భార్య ఒళ్లంతా నెమలి ఈకల కుట్టుపని ఉన్న గౌనుతో నడిచి వచ్చిందంటే, అది యాదృచ్ఛికమని నేను నమ్మను. పాలించేవాళ్లకు బట్టల భాష బాగా తెలుసు.

అయితే మేరీ కర్జన్‌ను కేవలం డబ్బున్న అలంకారప్రియురాలిగా తీసిపారేయడం అన్యాయం. ఇక్కడి నేతకూ, కుట్టుపనికీ ఆమె నిజంగానే పోషకురాలు. భారతీయ పట్టునూ, జరీ పనినీ తాను కట్టి చూపించి, విదేశాల్లోని సంపన్న స్త్రీలకు పరిచయం చేసి, పనివాళ్లకు ఆర్డర్లు తెచ్చిపెట్టింది. 1902 ఆగస్టులో అలెగ్జాండ్రా రాణి పట్టాభిషేకానికి తొడుక్కున్న బంగారు రంగు గౌనుకు కావలసిన ఎంబ్రాయిడరీ బట్టను ఇండియాలో దగ్గరుండి చేయించి పంపింది కూడా ఆమే. ఆ బట్టను పారిస్‌లో మోరన్ బ్లాసియే సంస్థ గౌనుగా కుట్టింది. అదే దారిలో కొన్ని నెలల తర్వాత నెమలి గౌను తయారైంది. ఎంబ్రాయిడరీ మొత్తం ఢిల్లీ, ఆగ్రాల్లోని జర్దోజీ (జరీ తీగతో చేసే కుట్టుపని) కార్ఖానాల్లో జరిగింది. ఆ బట్ట ఓడెక్కి పారిస్‌లోని వర్త్ సంస్థకు వెళ్లింది. వాళ్లు దాన్ని కత్తిరించి, కుట్టి, అంచున తెల్ల షిఫాన్ గులాబీలు పొదిగి, పై భాగానికి లేసు చేర్చి తిరిగి ఇండియాకు పంపారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ గౌను గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ వ్యాసం చదివినా మొదట వినిపించే పేర్లు రెండు: కర్జన్, వర్త్. తొడుక్కున్నది ఎవరో తెలుసు, కుట్టించినది ఏ సంస్థో తెలుసు. 1858లో ఆ సంస్థను పెట్టిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ లింకన్‌షైర్‌లో పుట్టాడనీ, 1895లో చనిపోయాడనీ, నెమలి గౌను నాటికి వ్యాపారం అతని కొడుకులు గాస్తోన్, జాన్ ఫిలిప్‌ల చేతిలో ఉందనీ తెలుసు. మేరీ చనిపోయిన తర్వాత 1909లో ఆ గౌనులో ఆమె నిలువెత్తు చిత్రాన్ని వేసిన విలియం లాగ్స్‌డేల్ పేరు కూడా తెలుసు. గౌనును చూసి బొమ్మ వేసినవాడి పేరు నిలిచింది. గౌను మీద ప్రతి ఈకనూ సూదితో నిలబెట్టినవాళ్ల విషయానికి వచ్చేసరికి మాత్రం "భారతీయ పనివాళ్లు" అన్న రెండు ముక్కలతో కథ ముగుస్తోంది.

ఆ రెండు ముక్కల వెనక ఎంత పని ఉందో ఒక్క ఈకను తీసుకుని వివరిస్తాను. మీ ఫోటోల్లో దగ్గరగా చూస్తే ఈక అంచున పీచులు పీచులుగా కనిపించేది లోహపు తీగ. వెండి తీగకు బంగారు పూత పోసి, రేకుగా సాగగొట్టి, పట్టు దారం చుట్టూ మెలిపెడితే కలాబత్తు అవుతుంది. అదే తీగను సన్నని స్ప్రింగులా చుడితే దబ్కా అవుతుంది. కలాబత్తును గుడ్డ మీద పరిచి, పైనుంచి కంటికి కనపడని దారంతో పట్టేస్తారు. దబ్కాను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కలోంచి సూది దూర్చి, పూస కుట్టినట్టు కుడతారు. ముక్క కాస్త పొడుగైతే మధ్యలో ఉబ్బుతుంది, పొట్టిదైతే కింది గుడ్డ కనిపిస్తుంది. ఈ కొలత ఏ పటంలోనూ ఉండదు. కుట్టేవాడు వేలి గోటి మీద పెట్టి కత్తిరించుకుంటాడు. ఈక ఒంపు తిరిగే చోట తీగ కూడా ఒంపు తిరగాలి, కానీ లోహం గనక అది మొండికేస్తుంది. దాన్ని నొక్కి పెడితే విరుగుతుంది, వదిలేస్తే లేస్తుంది. మా దగ్గర పదేళ్లు పనిచేసిన మనిషికి కూడా మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది. నెమలి గౌనులో ఒక్క ఈకలోనే ఎన్ని మలుపులున్నాయో చూడండి. అలాంటి ఈకలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చుకుంటూ గౌను అంతా ఉన్నాయి.

ఇక ఈకకు కన్ను ఉన్నచోట మెరిసే పచ్చదనం రాయి కాదు, గాజు కాదు, పురుగు రెక్క. ఆ రాత్రి చూసినవాళ్లలో కొందరు దాన్ని పచ్చలనుకున్నారట. మా వైపు వానాకాలంలో తుమ్మచెట్ల మీద దొరికే జీరంగి పురుగును అగ్గిపెట్టెలో దాచుకోని పిల్లలు వెనకటి తరంలో ఉండేవారు కాదు. ఆ జాతి పురుగుల గట్టి పైరెక్కలే ఇవి. వాటిని ఆవిరికి పట్టి మెత్తబరిచి, సూదితో చిల్లు పొడిచి, కావలసిన ఆకారానికి కత్తిరించి కుడతారు. 19వ శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదు ప్రాంతాల్లో పల్చని మస్లిన్ మీద ఈ రెక్కల పని విరివిగా జరిగేది. తెల్ల దొరసానుల గౌన్ల కోసం ఓడల్లో వెళ్లేది. ఇప్పుడు మా బజారులో ఆ పని అడిగేవాళ్లూ లేరు, చేసేవాళ్లూ నాకు కనపడలేదు. రెక్కలోని ఆ రంగు అద్దకం రంగు కాదు. రెక్క పొరల అమరిక మీద వెలుతురు పడినప్పుడు పుట్టే రంగు అది. అందుకే నూట ఇరవై ఏళ్లు దాటినా అది వెలవలేదు. పక్కనే ఉన్న వెండి బంగారు తీగ మాత్రం నల్లబడింది. ఖరీదైనది మాసిపోయి, చెట్టు మీద ఉచితంగా దొరికినది నిలిచింది.

మరొక్క సంగతి పనివాళ్ల కంటికి వెంటనే తగులుతుంది. ఆ గౌనులో నడుము దగ్గర ఈకలు చిన్నవిగా మొదలై, కిందికి దిగేకొద్దీ పెద్దవవుతూ నేలను తాకేచోట నిండుగా విచ్చుకుంటాయి. థాను మీద ఒకే కొలత బుటా వరసగా కుట్టి పంపితే, పారిస్ దర్జీ ఎంత గొప్పవాడైనా ఇలా రాదు. కుట్టడానికి ముందే గౌను ఏ ముక్క ఏ ఆకారంలో ఉంటుందో, నడుము ఎక్కడ ఇముడుతుందో, ఘేరా (కింది వెడల్పు) ఎక్కడ తెరుచుకుంటుందో గీతలుగా బట్ట మీద దిగి ఉండాలి. ఆ గీతల లోపల ఈకలను పెంచుకుంటూ పోవాలి. ఒక ముక్క అంచున సగం ఆగిన ఈక పక్క ముక్కలో సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. మేము జాకెట్టు చేతులకూ, వీపుకూ మగ్గం వర్క్ చేయించేటప్పుడు మా దర్జీ ముందుగా బట్ట మీద కొలతలు గీసి ఇస్తాడు. దర్జీ, మగ్గం పనివాడు ఒకే వీధిలో ఉన్నా కూడా అతుకు దగ్గర డిజైను తప్పి గొడవలు పడే రోజులున్నాయి. ఢిల్లీకీ పారిస్‌కూ మధ్య సముద్రాలున్నాయి. అంత దూరం నుంచి వచ్చిన కొలతలను అర్థం చేసుకుని, తాము ఎన్నడూ కట్టని, తమ ఇళ్లలో ఎవరూ కట్టని ఒక విదేశీ ఉడుపు కోతను మనసులో పెట్టుకుని ఆ పనివాళ్లు ఈకలు పేర్చారు. వాళ్లను "ఎంబ్రాయిడరీ చేసిన చేతులు" అనడం చాలదని నేను అనేది ఇందుకే. గౌను రూపకల్పనలో వాళ్ల బుర్ర కూడా ఉంది.

దర్బారు రోజుల్లోనే ఢిల్లీలో జరిగిన మరో ఘట్టం ఇక్కడ గుర్తుచేయాలి. 1902 డిసెంబరు 30న కుద్సియా బాగ్‌లో కర్జన్ ఒక భారతీయ కళాప్రదర్శనను ప్రారంభించాడు. జార్జ్ వాట్ దాన్ని నిర్వహించి పెద్ద కేటలాగు కూడా వెలువరించాడు. ఐరోపా వస్తువు గానీ, ఐరోపాను అనుకరించిన వస్తువు గానీ ఆ ప్రదర్శనలో ఉండకూడదని కర్జన్ షరతు పెట్టాడు. ఇక్కడి రాజులు, ధనవంతులు విదేశీ నాసిరకం సామగ్రితో ఇళ్లు నింపుకుంటూ సొంత పనివాళ్లను మరిచిపోతున్నారని ఆయన బాధ. మాట నిజమే. ఆ మాట అన్న వారం తిరిగేసరికి ఆయన భార్య తొడుక్కున్న గౌను అదే ఢిల్లీ పనివాళ్ల బట్ట. కానీ దానికి గౌనుగా విలువ వచ్చింది పారిస్ సంస్థ పేరు వల్ల. ప్రదర్శనలో భారతీయ పనికి గౌరవం, నాట్యశాలలో పారిస్ పేరుకు గౌరవం: ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమిడాయి. మీ అద్దాల పెట్టెలో ఉన్న గౌను ఆ వైరుధ్యాన్ని ఇప్పటికీ మోస్తోంది. దాన్ని దాచకుండా చెప్పగలిగితే గౌను మరింత ఆసక్తికరమవుతుందే తప్ప దాని అందం తరగదు.

దర్బారు రాజకీయం గురించి ఎక్కువ రాయను, కానీ అసలు రాయకుండా ఉండలేను. 1899, 1900 సంవత్సరాల కరువు లక్షల మందిని బలిగొని ఎన్నో ఏళ్లు కాలేదు. 1903 చివర మద్రాసులో జరిగిన కాంగ్రెసు సభకు అధ్యక్షత వహించిన లాల్‌మోహన్ ఘోష్ ఆ దర్బారు ఆడంబరాన్ని గట్టిగా తప్పుపట్టాడు. మా హైదరాబాదు నిజాం మహబూబ్ అలీ ఖాన్, 1902 నవంబరులో తన రాజ్యంలోని బేరారు ప్రాంతాన్ని శాశ్వత కౌలుగా ఇంగ్లీషువాళ్లకు ఒప్పజెప్పి, రెండు నెలలు తిరగకుండానే ఆ దర్బారుకు హాజరయ్యాడు. ఆ గౌను మీద మెరుపు ఎవరిని ఎందుకు మురిపించడానికో తెలిసి కూడా దాని పనితనాన్ని మెచ్చుకోవచ్చు. మేము మెచ్చుకుంటున్నాం.

మీకు అనుమానం రాకముందే ఒక మాట స్పష్టం చేస్తాను. గౌనును తిరిగి ఇవ్వమని నేను అడగడం లేదు. దోచుకుపోయిన వస్తువుల జాబితా వేరే ఉంది, దాని గురించి మాట్లాడవలసినవాళ్లు మాట్లాడుతున్నారు. ఇది డబ్బిచ్చి చేయించుకున్న ఉడుపు. పనివాళ్లకు ఎంత ముట్టిందన్నది వేరే ప్రశ్న. కర్జన్ 1925లో చనిపోయాక ఆ ఇంటి వస్తువుల మధ్యే ఉండి, 1987లో భవనంతోపాటు మీ సంరక్షణలోకి వచ్చింది. అది అక్కడే ఉండాలి. ఇంకా చెప్పాలంటే, ప్రదర్శన పేరుతో ఇండియాకు పంపమని మా వాళ్లే ఎవరైనా అడిగినా మీరు ఒప్పుకోవద్దని నా విన్నపం. సుమారు నాలుగున్నర కిలోల బరువుందని చెప్పే ఆ గౌనులో బరువంతా లోహానిది. మోసేది పల్చని పట్టు. ఎత్తిన ప్రతిసారీ, పెట్టెలో కుదిపిన ప్రతిసారీ తీగ అంచులు ఆ పట్టును కోస్తాయి. మా దగ్గరకు నాయనమ్మల కాలపు జరీ చీరలు బాగుచేయమని తెచ్చేవాళ్ల విషయంలో ఇది తరచుగా చూస్తాను: జరీ గట్టిగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న పట్టు మడతల దగ్గర తెగిపోయి ఉంటుంది.

అదే కారణంగా నల్లబడిన తీగను ఎవరైనా మెరుగుపెట్టి కొత్తదానిలా చేస్తామని ముందుకు వస్తే దయచేసి ఒప్పుకోకండి. వెండి మీది బంగారు పూత చాలా పల్చన. తోమితే నలుపుతోపాటు బంగారమూ పోతుంది. ఈ సంగతి మీ సంరక్షకులకు నాకన్నా బాగా తెలుసు. అయినా రాయడానికి కారణం ఉంది. 1962లో మార్లిన్ మన్రో తొడుక్కున్న గౌనును 2022 మే నెలలో న్యూయార్క్‌లో జరిగే మెట్ గాలా ఫ్యాషన్ విందుకు ఒక ప్రముఖురాలు తొడుక్కుని వచ్చినప్పుడు, చారిత్రక దుస్తులను ఎవరూ తొడగరాదని అంతర్జాతీయ మ్యూజియం సంఘపు దుస్తుల విభాగం ప్రకటన చేయవలసి వచ్చింది. పేరున్న గౌను మీద పేరున్నవాళ్ల కన్ను పడుతూనే ఉంటుంది. మీ గౌనుకు ఆ ప్రమాదం రాకూడదని కోరుకుంటున్నాను.

మరి నేను అడిగేది ఏమిటి? మొదటిది ఫోటోలు. గౌను ముందువైపు అందమైన ఫోటోలు చాలా ఉన్నాయి. పని తెలిసినవాళ్లకు కావలసింది వెనకవైపు. జర్దోజీని చదవాలంటే గుడ్డను తిరగేయాలి. ముడి ఎక్కడ వేశారు, దారం ఒక ఈక నుంచి మరో ఈకకు తెగకుండా నడిచిందా, కుట్టు కుడినుంచి ఎడమకు పోయిందా ఎడమనుంచి కుడికా, ఆరీ అనే కొక్కెపు సూదితో గొలుసు కుట్టు వేశారా మామూలు సూదితో కుట్టారా అన్నవి అక్కడే తెలుస్తాయి. ఒకే చట్రం చుట్టూ నలుగురు కూర్చుని చేసిన పనిలో నలుగురి చేతివాటం వెనకవైపు విడివిడిగా కనిపిస్తుంది, మనుషుల దస్తూరీ లాగా. అస్తరు విప్పమని నేను చెప్పను. అతుకుల దగ్గర, అంచు మడత లోపల, ఇదివరకు సంరక్షణ పని జరిగినప్పుడు తెరిచిన చోట్ల చూడగలిగినంత చూసి, పెద్దవి చేసి చూసినా స్పష్టత చెడని ఫోటోలు తీసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టండి. హక్కుల రుసుము కట్టి ఫోటో కొనుక్కోగలిగిన స్థితి చట్రం దగ్గర కూర్చునేవాడికి ఉండదు.

రెండోది కాగితాలు. కర్జన్ దంపతుల కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వర్త్ సంస్థ రికార్డులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాట్ కేటలాగులో ఆనాటి ఢిల్లీ, ఆగ్రా జర్దోజీ పని గురించి ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఈ ఒక్క గౌను కోసం చదివే పని ఒక పరిశోధకుడికి ఇవ్వండి. ఆర్డరు ఎవరి పేర వెళ్లింది, ఏ కార్ఖానాకు వెళ్లింది, బయానా ఎంత ఇచ్చారు, బట్ట ఎప్పుడు ఓడెక్కింది అన్నవాటిలో ఏది దొరికినా మేలే. కార్ఖానాదారు పేరు దొరకగానే పని అయిపోయిందనుకోవద్దు. కార్ఖానాదారు వేరు, కారీగరు వేరు. నా దుకాణం బోర్డు మీద నా పేరే ఉంటుంది, కుట్టేది బెంగాలు నుంచీ, బరేలీ నుంచీ, పాతబస్తీ నుంచీ వచ్చిన మనుషులు. వాళ్ల పేర్లు నా హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండవు. ఆనాటి హాజరు పుస్తకం మిగిలి ఉంటుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. కానీ వెతకకుండా "తెలియదు" అనడానికీ, వెతికి "దొరకలేదు" అనడానికీ తేడా ఉంది. గౌను పక్కన రాసే వివరణలో ఆ తేడా కనిపించాలి.

వివరణ అన్నాను కాబట్టి ఆ సంగతీ చెబుతాను. తయారీదారు అన్న చోట ఢిల్లీ, ఆగ్రా జర్దోజీ కార్ఖానాలను ముందు రాసి, వర్త్ సంస్థను తర్వాత రాయండి. పని జరిగిన వరస అదే. కింద చిన్న అక్షరాల్లో "ఎంబ్రాయిడరీ: ఇండియా" అని చేర్చడం నేను అడిగేదానికి సమానం కాదు. సంస్థ పేరున్న చీటీ నడుము పట్టీకి కుట్టి ఉంటే అది ఆ సంస్థ గౌనే అవుతుందన్నది పారిస్ వ్యాపారపు ఆచారం. మ్యూజియం ఆ ఆచారానికి కట్టుబడనవసరం లేదు.

ఇలాంటి మార్పులు చేస్తే మీ దేశంలోనే కొందరు కోప్పడతారని నాకు తెలుసు. 2020 సెప్టెంబరులో మీ సంస్థ తన ఆస్తులకు వలసపాలనతో, బానిసవ్యాపారంతో ఉన్న సంబంధాల మీద ఒక నివేదిక ప్రచురించినప్పుడు మీమీద ఎంత దుమారం రేగిందో పత్రికల్లో చదివాం. ఆ నివేదికలో కెడిల్‌స్టన్ కూడా ఉంది. అందమైన ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు పాఠాలు చెప్పవద్దన్నది విమర్శకుల మాట. నేను పాఠం చెప్పమనడం లేదు. గౌను ఎలా తయారైందో చెప్పమంటున్నాను. మా దుకాణంలో పెళ్లికూతురు జాకెట్టు తీసుకుని వెళ్లేముందు, ఇది ఎవరు కుట్టారు, ఎన్ని రోజులు పట్టిందని అడగని తల్లి అరుదు. అది రాజకీయం కాదు, మంచి వస్తువు చూసినప్పుడు ఎవరికైనా కలిగే కుతూహలం. ఇంగ్లండులోని సందర్శకులకు ఆ కుతూహలం ఉండదని అనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే.

పారిస్ సంస్థలకూ ఇక్కడి చట్రాలకూ ఉన్న సంబంధం చరిత్రగా మిగిలిపోయిన విషయం కూడా కాదు. ఈనాటికీ పారిస్ కూట్యూర్ (ఒక్కొక్కరి కొలతకు చేతితో కుట్టే ఖరీదైన) గౌన్ల మీద చేతిపనిలో చెప్పుకోదగ్గ భాగం ముంబైలోనూ చెన్నైలోనూ జరుగుతోంది. దశాబ్దాలపాటు ఆ సంగతి బయటికి పొక్కనిచ్చేవాళ్లు కాదు. 2023 మార్చి 30న పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట ప్రదర్శన జరిపి, ముంబై చాణక్య సంస్థ పనివాళ్లతో తనకున్న భాగస్వామ్యాన్ని బాహాటంగా చెప్పుకుంది. అందులో వ్యాపార లెక్కలు లేవని నేను అనను. కానీ లాభం కోసం నడిచే సంస్థ చెప్పగలిగిన మాటను ప్రజల విరాళాలతో నడిచే సంస్థ చెప్పలేకపోవడం బాగుండదు.

చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒక్క ఈకను తిరిగి చేయించండి. మొత్తం గౌను నకలు నాకు అక్కరలేదు. అది ఏళ్ల పని, ఖర్చూ ఎక్కువే. అరచేతి వెడల్పు ఈక చాలు. వెనకవైపు ఫోటోల ఆధారంగా, ఢిల్లీలోనో ఆగ్రాలోనో ఇవాళ పనిచేస్తున్న జర్దోజీ కారీగర్లతో, అసలు వరసలోనే: ముందు అచ్చు, తర్వాత తీగ, ఆ పైన దబ్కా, చివరికి రెక్క. రెక్కల పని చేయగల చెయ్యి ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ నెపంతో బయటపడుతుంది, మిగలకపోతే ఆ సంగతైనా రికార్డుకు ఎక్కుతుంది. అలాంటి ముక్కలు రెండు చేయిస్తే, ఒకటి అద్దాల పెట్టె పక్కన సందర్శకులు, ముఖ్యంగా చూపు లేనివాళ్లు, వేళ్లతో తడిమి చూడటానికి పనికొస్తుంది. కొత్త తీగ ఎలా మెరుస్తుందో చూస్తే, నల్లబడిన గౌను ఆ రాత్రి దీపాల వెలుగులో ఎలా ఉండి ఉంటుందో వివరణ అవసరం లేకుండానే తెలుస్తుంది. రెండోదాన్ని తిరగేసి చూడగలిగేలా, వెనకవైపు అస్తరు లేకుండా, ఇక్కడి డిజైన్ విద్యార్థులకు అందుబాటులో ఉంచండి.

ఈ పనికి కూలి విషయంలో ఒక హెచ్చరిక. మధ్యవర్తికి మొత్తం సొమ్ము కట్టి చేతులు దులుపుకోవద్దు. చట్రం దగ్గర ఎవరెవరు కూర్చున్నారో, ఎన్ని గంటలు కూర్చున్నారో రాయించి, వాళ్ల చేతికే కూలి అందేలా ఒప్పందంలో పెట్టండి. ఆ పేర్లను, వాళ్లు ఒప్పుకుంటే, ముక్క పక్కన రాయండి. నేనూ మధ్యవర్తినే కాబట్టి ఈ మాట తెలిసే చెబుతున్నాను. అచ్చు కాగితం వేయడం, తీగ రకాలు గుర్తుపట్టడం, కూలి లెక్క కట్టడం వంటి విషయాల్లో మా వీధి పెద్ద కారీగర్లు ఇద్దరు మీ సంరక్షకులతో మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లు ఉర్దూలో మాట్లాడతారు, దుబాసీ పని నేను చేస్తాను. పెళ్లిళ్ల సీజనులో మాత్రం ఇక్కడ ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో చట్రాలు ఖాళీగా ఉంటాయి. మీ జవాబు ఆ లోపు వస్తే మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక మగ్గం వర్క్ దుకాణదారు